రొయ్యపిల్లకు ఉప్పునీరెందుకు?

పేరుకు మంచినీటి రొయ్యే. కానీ నీలకంఠ రొయ్య లార్వాను, అంటే గుడ్డులోంచి వచ్చిన తొలిదశ పిల్లను, మంచినీట్లోనే ఉంచేస్తే కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. ఈ రొయ్యల్ని పెంచాలని చూసినవాళ్లకు చాలాకాలం ఇదే తలనొప్పి. 1960ల మొదట్లో మలేసియాలోని పెనాంగ్‌లో షావో-వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త అసలు సంగతి పట్టుకున్నాడు: లార్వాలకు కాస్త ఉప్పు కావాలి. ఇప్పుడు హేచరీల్లో వాటిని లీటరుకు దాదాపు 12 గ్రాముల ఉప్పున్న నీటిలో పెంచుతారు. సముద్రపు నీటిలోనైతే 35 గ్రాములుంటుంది.

రొయ్య రక్తంలో సోడియం (ఉప్పులో ఉండేదే) నదినీటిలోకంటే వందరెట్లకు పైగా ఎక్కువ. అందుకే ఒంట్లో ఉప్పు బయటికి పోతూనే ఉంటుంది, నీళ్లు లోపలికి చేరుతూనే ఉంటాయి. చేరిన నీటిని మూత్రంగా వదిలేయాలి కదా, చిక్కంతా అక్కడే. రొయ్యల చుట్టాలైన క్రేఫిష్‌లు మూత్రంలోని ఉప్పును వెనక్కి లాక్కుని పల్చటి నీళ్లే వదులుతాయి. ఈ రొయ్యలకు ఆ విద్య రాదు. వాటి మూత్రం రక్తమంత చిక్కగానే ఉంటుంది. ఆ నష్టాన్ని పూడ్చే భారం చాలావరకు మొప్పల మీదే పడుతుంది.

ఈ పనిలో ముఖ్యమైన ఎంజైమ్ సోడియం-పొటాషియం ఏటీపేజ్. దీన్ని 1957లో యెన్స్ స్కౌ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పీత కాలి నరాల్లో కనిపెట్టాడు. అందుకు 1997లో అతనికి నోబెల్ వచ్చింది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒకదాన్ని ఖర్చుపెట్టి ఇది 3 సోడియం అయాన్లను కణంలోంచి బయటికి తోస్తుంది, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. బయటికి తోస్తే ఉప్పు ఇంకా పోతుందిగా అనిపించొచ్చు. కానీ మొప్పల్లో ఈ పంపు ఉండేది నీటి వైపు కాదు, రక్తం వైపు. అందువల్ల అది తోసిన సోడియం రక్తంలోకే చేరుతుంది. నీటి వైపు ఉండేది ప్రోటాన్ పంపు. అది హైడ్రోజన్ అయాన్లను బయటికి నెట్టడంతో కణం లోపల రుణావేశం పెరుగుతుంది, దాంతో పల్చటి నీటిలోని కొద్దిపాటి సోడియం కూడా లోపలికి వస్తుంది. మంచినీట్లో బతకాలంటే ఈ రెండూ కలిసి పనిచేయాలి. పెద్ద రొయ్యను ఉప్పునీటికి అలవాటు చేస్తే మొప్పల్లో వీటి చురుకు తగ్గుతుంది.

లార్వాకు మొదట్లో పనికొచ్చే మొప్పలే ఉండవు. తోక ముందుకు పెట్టి వెల్లకిలా ఈదే ఆ చిన్న ప్రాణిలో ఉప్పు పని ఎక్కువగా మొప్పల గది లోపలి గోడ చూసుకుంటుంది. మొప్పలు ఎదిగాక ఆ పని వాటికి వస్తుంది. దక్షిణ అమెరికాలోని అమెజాన్ రొయ్యలో ఇంకో విశేషముంది. అప్పుడే పొదిగిన లార్వా మంచినీటిని తట్టుకుంటుంది. ఒకసారి కుబుసం విడిచి రెండో దశకు వచ్చిందంటే ఇక తట్టుకోలేదు. మళ్లీ ఆ శక్తి లార్వా దశలన్నీ ముగిసేటప్పుడే వస్తుంది. ఎదిగేకొద్దీ సత్తా పెరుగుతుందనుకునే మనకు ఇది తిరగబడిన లెక్కలా కనిపిస్తుంది. కానీ దాని బతుకు చూస్తే సబబుగానే ఉంది. నదిలో పుట్టిన లార్వా ప్రవాహంతో పాటు నదీముఖం దాకా కొట్టుకుపోవాలి. ఆ ప్రయాణంలో తిండి అక్కర్లేదు, గుడ్డులోంచి తెచ్చుకున్న సొనే చాలు. ఉప్పు కలిసిన నీటికి చేరాక మంచినీటి సత్తాతో పనేముంది? నది వైపు తిరిగి ఎక్కే వయసులో అది మళ్లీ అవసరమవుతుంది.

ప్రయోగశాలలో ఈ ఎంజైమ్ చురుకును కొలిచే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. కణజాలాన్ని నూరి, ఏటీపీ కలిపి, అది ఎంత వేగంగా ఖర్చవుతుందో చూస్తారు. తర్వాత వోబెయిన్ కలిపి మళ్లీ కొలుస్తారు. ఆఫ్రికాలో బాణాల మొనలకు పూసిన మొక్కల విషం ఇది, ఈ పంపును ఆపేస్తుంది. రెండు కొలతల తేడాయే పంపు వాటా.

అయితే వేర్వేరు దశల అంకెల్ని పక్కపక్కన పెట్టేటప్పుడు నేనైతే తొందరపడను. పెద్ద రొయ్యలో మొప్పల్ని కోసి తీసి కొలవొచ్చు. పిండాన్నీ తొలి లార్వానూ మామూలుగా ఒళ్లంతా కలిపి నూరాల్సిందే, అందులో నరాలు, కండరాలు, సొన అన్నీ వచ్చేస్తాయి. నరాల్లోనూ ఇదే పంపు పనిచేస్తుంది కాబట్టి లార్వాలో కనిపించిన చురుకంతా ఉప్పు పట్టుకోవడానికేనని చెప్పలేం. అందుకే ఎంజైమ్‌కు అతుక్కునే యాంటీబాడీలతో, అది ఏ కణాల్లో ఉందో మైక్రోస్కోప్ కింద విడిగా చూస్తారు.