పత్తి వేరులో గాడిపొయ్యి

దర్శి వైపు ఎర్రనేలలో పత్తి వేసిన రైతు ఒకరు అడిగారు: “నిన్ననే తడి ఇచ్చానండీ. అయినా మధ్యాహ్నానికి మొక్క వాడుతోంది, సాయంత్రానికి తేరుకుంటోంది. చేనంతా కాదు, అక్కడక్కడా. దిష్టి తగిలిందంటున్నారు.”

దిష్టి కాదండీ. ఒక మొక్కను వేళ్లు తెగకుండా తవ్వి, నీళ్లలో కడిగి చూడండి. బుడిపెలుంటే వేరుముడి నులిపురుగు. వేరుశనగ వేరు బుడిపె గోటితో గిల్లితే ఊడుతుంది, అది నత్రజని అందించే బాక్టీరియా ఇల్లు. పత్తి బుడిపె ఊడదు, అది వాచిన వేరు కాబట్టి. బళ్లో బొమ్మ గీయించే బదులు ఈ రెండు మొక్కల వేళ్లూ పిల్లల చేతికిస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

ఆ వాపు లోపల జరిగేది అద్భుతం. అర మిల్లీమీటరు కూడా లేని పిల్లపురుగు వేరు కొన దగ్గర దూరి, నీటి నాళాల పక్కన ఆగి, నోటిలోని సూదితో ఐదారు కణాల్లోకి లాలాజలం ఎక్కిస్తుంది. మామూలుగా కణం రెండైతే మధ్యలో గోడ లేస్తుంది, అన్నదమ్ములు వేరుపడి ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకున్నట్టు. ఇక్కడ కేంద్రకం చీలుతుంది, గోడ లేవదు. మళ్లీ చీలుతుంది, మళ్లీ గోడ లేదు. ఒకే వంటింట్లో పదుల కొద్దీ వంటవాళ్లు! పెళ్లింటి పెరట్లో తవ్విన గాడిపొయ్యిలా ఆ కణం సాగిపోతుంది. నాళాల వైపు గోడ లోపలికి మడతలు పడి, బిందె పట్టే చోట పది బిందెలు పడుతుంది. చెట్టుకు అందాల్సిన నీళ్లూ పోషకాలూ ఆ వంటకే ఖర్చు. ఆడపురుగు అక్కడే తిని, బేరిపండులా ఉబ్బి, కదల్లేని స్థితికొస్తుంది. పొయ్యి ఆరితే దానికి చావే.

బీటీ విత్తనమే కదా అంటారు. బీటీ విషం కాయతొలుచు పురుగుల పేగుల కోసం. ఈ నులిపురుగును ఆపదు. పైగా ఈ పురుగున్న చోట ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే ఎండుతెగులు ముదురుతుందని 1892లోనే అమెరికాలోని అలబామా పత్తిలో అట్కిన్సన్ అనే వృక్షశాస్త్రవేత్త గమనించాడు.

గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు దారిబత్తెం ఒంట్లోని కొవ్వే. నచ్చిన వేరు దొరక్కపోతే ఆకలితో చస్తుంది. పత్తి తర్వాత మిరప, వంగ, టమాటా వేస్తే మళ్లీ పొయ్యి వెలిగించినట్టే. పత్తిని పట్టే ఈ రకానికి వేరుశనగ వేరు పనికిరాదు, అందుకే ఆ పైరు వేయమంటాను. నెల్లూరు వైపు కాళహస్తి తెగులున్న నేలల్లో మాత్రం ముందు మట్టి పరీక్ష చేయించండి. ఆ తెగులు తెచ్చే నులిపురుగు వేరే జాతి, వేరుశనగ కాయల్నే పాడుచేస్తుంది.

పత్తి కట్టె పీకేటప్పుడు బుడిపెల వేళ్లు నేలలో వదలకండి. ఒక్కో గుడ్ల ముద్దలో వందల గుడ్లుంటాయి. వేసవి దుక్కి దున్ని మిగిలినవాటిని ఎండకు వేయండి.