అడవి బాటల గురించి అపోహలు - వాస్తవాలు (నల్లమలలో బాట పని చేసేటోడి మాట)

ఎండలు ముదిరితే చాలు, నా ఫోన్‌కి ఒకటే ప్రశ్నలు. అన్నా సలేశ్వరం జాతర బాట ఎప్పుడు తెరుస్తరు, అన్నా ఆ వ్యూపాయింట్ బాట ఎందుకు బంద్ చేసిండ్రు, అన్నా అడవి ఏమన్నా మీ అయ్య జాగీరా. మూడోదానికి ఇన్నేళ్ళు జవాబు చెప్పలేదు, ఇవాళ మిగతావాటితో కలిపి చెప్తా. నాది అచ్చంపేట దిక్కు, పదకొండేళ్ళ నుంచి నల్లమలలో కాలిబాటల మరమ్మతు పని చేస్తున్నా, ఆఫీసర్ని కాదు, పర్మినెంట్ కూడా కాదు, గడ్డపార పట్టుకునే బ్యాచ్.

అపోహ: జనం ఎక్కువొస్తే బాట పాడైతది

సగమే నిజం. బాటని తినేది నీళ్ళు, మనం చేసేది ఆ నీళ్ళకి దారి చూపించడం. కొండ మీద బాట వంకర్లు తిరుక్కుంటూ దిగుతది కదా, కింది మలుపు కళ్ళ ముందే కనిపిస్తుంటే ఎవడో ఒకడు నేరుగా అడ్డంపడి దిగుతడు, వెనకొచ్చేటోళ్ళు అదే బాట అనుకుని దిగుతరు, ఎండాకాలం అయ్యేసరికి అక్కడ గడ్డి పోయి ఎర్రమట్టి తేలుతది. జూన్‌లో మొదటి పెద్ద వాన పడంగనే పైనుంచొచ్చే నీళ్ళన్నిటికీ అదే కాలువ. రెండు మూడు వానాకాలాలకి మోకాలు లోతు గండి పడి, చెట్ల వేర్లు బయటపడి, ఆ మట్టంతా కింద అసలు బాట మీద మేట వేస్తది. ఇక అక్కడ నడవలేక జనం పక్కకి జరుగుతరు, ఇంకొంచెం పక్కకి జరుగుతరు, రెండడుగుల బాట పన్నెండు అడుగులు అయిన చోటు నేను చూసిన. పది మంది అడ్డదారి తొక్కిన జాగా కన్నా వెయ్యి మంది సరైన బాట మీద నడిచిన జాగానే నయంగా ఉంటది, ఇది పని చేసి చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు.

మేం చూసుకునే లెక్క చిన్నదే. బాట వాలు ఆ కొండ వాలులో సగం కన్నా తక్కువ ఉండాలె, లేకపోతే నీళ్ళు బాటని అడ్డంగా దాటిపోకుండా బాటెంబడే దిగుతయి. మొత్తం మీద 100 అడుగులు నడిస్తే 10 అడుగుల కన్నా ఎక్కువ ఎక్కకుండా చూస్తం. బాట పల్లం వైపు కొంచెం ఒరిగి ఉండాలె, నూటికి ఐదు వంతులు చాలు, నడిచే మనిషికి అది తెలియదు, నీళ్ళకి తెలుస్తది.

మొదటి సంవత్సరం నేను చేసిన ఘనకార్యం ఒకటి ఉంది. నీళ్ళు ఆపాలని బాటకి అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు, పెద్ద పెద్ద రాళ్ళ వరసలు పేర్పించిన. ఫోటోలో మస్తుగా ఉండె. మాతో పనికొచ్చే చెంచు వాచరన్న, అంటే అడవి కాపలా మనిషి, ఒకాయన చూసి, "సారూ, వానొచ్చినప్పుడు ఇక్కడ ఎప్పుడన్నా నిలబడ్డరా?" అని అడిగిండు. నేను నిలబడలేదు, వానొస్తే జీపులో కూర్చుంట. జూలైలో పోయి చూస్తే ప్రతి రాయి వెనక మట్టి నిండి, నీళ్ళు దాని మీంచి దుంకి, దుంకిన చోటల్లా గుంత. అన్నీ పీకి 45 డిగ్రీల ఏటవాలుగా మళ్ళీ పేర్చినం, నీళ్ళు రాయికి గుద్దుకోకుండా జారి పల్లం వైపు చెట్లలోకి పోయేటట్టు. అప్పటి నుంచి కొత్త బాట గీసే ముందు ఒక వానలో దాన్నెంబడి నడుస్తం, గొడుగు పట్టుకుని సుద్దరాయితో బండల మీద గుర్తులు పెట్టుకుంటూ. ఊర్లో చూసినోళ్ళు నవ్వుతరు, నవ్వనీ.

అడ్డదారి మూయడానికి బోర్డు పెట్టినం, బోర్డు పక్కన సెల్ఫీ దిగి అదే అడ్డదారిలో దిగిండ్రు. చేన్లకి వేసినట్టు కంప వేస్తే ఆగిండ్రు. ఇంకా మంచిదేందంటే బాట మలుపు తిప్పేదే పెద్ద బండ దగ్గరో వెదురు పొద దగ్గరో తిప్పాలె, కింద బాట కనపడకపోతే అడ్డంపడాలన్న ఆలోచనే రాదు.

అపోహ: సిమెంటు మెట్లు కడితే వందేళ్ళు చూడక్కర్లేదు

ప్రతి మీటింగులో ఎవరో ఒక పెద్దమనిషి ఈ మాట అంటడు. మెట్టు ఎత్తు ఎక్కువైతే ముసలోళ్ళు, పిల్లలు మెట్ల మీద ఎక్కరు, పక్కన మట్టిలో ఎక్కుతరు, ఆ పక్క కోసుకుపోయి నీళ్ళు సిమెంటు కిందికి దూరుతయి, నాలుగేళ్ళకి మెట్టు గాల్లో వేలాడుతది. నీడ పట్టున పాచి పట్టి జారుడు వేరే. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిండని చరిత్రలో చదువుకున్నం, అప్పట్లో సిమెంటు ఎక్కడిది. రాయి మీద రాయి పొడిగా పేరిస్తే నీళ్ళు సందుల్లోంచి కారిపోతయి, ఒక రాయి కదిలితే ఆ ఒక్కటే సర్దితే చాలు. అలిపిరి మెట్లు 3,550 ఉండి అన్నేసి మందిని మోస్తున్నయి కదా అంటరు, అక్కడ రోజూ ఊడ్చేటోళ్ళు, చెడితే బాగుచేసేటోళ్ళు ఉన్నరు. మా బాటకి ఏడాదికి పది రోజుల కూలీ దొరికితే పండగ.

అపోహ: పాడైన చోట మొక్కలు నాటితే సరిపోతది

పుట్టినరోజులకి మొక్కలు పట్టుకొచ్చేటోళ్ళని చూస్తే నాకు సంతోషమూ అయితది, భయమూ అయితది. నల్లమల ఎండాకాలం ఆకు రాల్చే అడవి, తునికి, మోదుగ, మద్ది లాంటివి మొదలు తెగినా మళ్ళీ చిగురేస్తయి. అక్కడ కొరత మొక్కకి కాదు, తొక్కి తొక్కి మట్టి ఇటుకలెక్క గట్టిపడి నీళ్ళు ఇంకవు, వేరు దిగదు. గడ్డపారతో జానెడు లోతు కదిలించి, పక్క చెట్ల కింద రాలిన ఆకు తెచ్చి పరిచి, మీద కంప వేసి జనాన్ని రెండు వానాకాలాలు రానీయకపోతే చాలు, ఆకులో ఉన్న గింజలే మొలుస్తయి. బయట నుంచి మట్టి, మొరం మాత్రం తేవద్దు, మేం ఒకసారి ట్రాక్టరు మొరం తోలించినం, మరుసటేడు బాట పొడుగునా వయ్యారిభామ కలుపు. పీకలేక చచ్చినం.

అపోహ: సర్కారు అడవి అంటే అందరిదీ, ఎప్పుడైనా పోవచ్చు

ఇదే ఆ "మీ అయ్య జాగీరా" ప్రశ్న. మా అయ్యది కాదు, మీ అయ్యదీ కాదు. మా నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 కోర్, అంటే పులుల కోసం గట్టిగా కాపాడే నడి అడవి. 1972 వన్యప్రాణి చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి పోవాలంటే డ్యూటీలో ఉన్న ఉద్యోగో, పర్మిట్ ఉన్నోడో, లోపల భూమి హక్కున్నోడో, పబ్లిక్ రోడ్డు మీద దాటిపోయేటోడో అయ్యుండాలె. టూరిజానికి పర్మిట్ ఇవ్వచ్చని 28వ సెక్షన్‌లోనే ఉంది, అంటే రావద్దని కాదు, అడిగి రమ్మని. ఆ అడిగే పద్ధతి సరిగ్గా లేదంటరా, ఒప్పుకుంటా, ఒక ఆఫీసుకి పోతే ఇంకో ఆఫీసుకి పొమ్మంటరు, బంద్ చేసిన బాట మళ్ళీ ఎప్పుడు తెరుస్తరో బోర్డు మీద రాయరు. బంద్ చేసేటోళ్ళు కారణమూ తేదీ రాస్తే సగం గొడవలు ఉండవని నేను చెప్తనే ఉన్నా.

ఇంకో సంగతి, బాట మనం ఒక్కళ్ళమే వాడం. పులి, చిరుత కూడా పొదల్లో పడి పోకుండా జీపు రూట్ల మీద, కాలిబాటల మీద నడుస్తయి, జంతువు కదిలితే ఫోటో తీసే కెమెరా ట్రాపులు ఈ బాటల పక్కన పెట్టేది అందుకే. హైదరాబాద్ - శ్రీశైలం రోడ్డుని మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేదీ అందుకే. పగలు మన షిఫ్టు, రాత్రి వాటి షిఫ్టు.

సలేశ్వరం సంగతి కూడా ఇదే. చైత్ర పౌర్ణమికి జనం "వస్తున్నం వస్తున్నం లింగమయ్యో" అనుకుంటూ దిగుతరు, "పోతున్నం పోతున్నం లింగమయ్యో" అనుకుంటూ ఎక్కుతరు, పూజ చేసేది చెంచులు. నిలువు లోయ, ఇరుకు బాట, ఎక్కేటోళ్ళు దిగేటోళ్ళు ఎదురుపడే చోట్లే ప్రమాదం. మన రూలు ఒక్కటే, కింది నుంచి ఎక్కేటోళ్ళకి దారి ఇవ్వాలె, దిగేటోడు కొండ వైపుకి ఒదిగి నిలబడాలె, లోయ వైపుకి కాదు. ఇది తెలియక చానామంది మర్యాదకి అంచు మీద నిలబడతరు.

అపోహ: చెంచోళ్ళు బయటికొస్తేనే అడవి బాగుపడతది

ఏసీ రూముల్లో పుట్టిన మాట ఇది. మేం బాగుచేసే బాటల్లో చానావరకు వాళ్ళు తేనెకి, గడ్డలకి నడిచిన బాటలే. 2006 అటవీ హక్కుల చట్టంలో వాళ్ళకి హక్కులున్నయి, అవి పర్యాటకుడి పర్మిట్ కన్నా ముందువి. ప్రొటెక్షన్ వాచర్లలో చానామంది వాళ్ళే, నిప్పు కనపడితే ముందు పరిగెత్తేదీ వాళ్ళే.

అపోహ: వెదుర్లు రాసుకుని నిప్పు పుడతది

చిన్నప్పుడు నేను కూడా నమ్మిన. మన అడవుల్లో మంటలు దాదాపు అన్నీ మనిషి పెట్టినవే, బీడీ ముక్క, వంట పొయ్యి, గడ్డి బాగా మొలుస్తదని అంటించేది. ఫిబ్రవరి నుంచి మే దాకా కాలం, జాతర కూడా అప్పుడే. అందుకే వంట వద్దంటే దేవుడి ప్రసాదం వద్దంటరా అని కొట్లాటకొస్తరు. 2018 మార్చిలో తమిళనాడు కురంగణిలో ట్రెక్కింగ్‌కి పోయినోళ్ళు మంటల్లో చిక్కుకుని ఇరవై మందికి పైగా పోయిండ్రు, గడ్డి కొండ మీద మంట మనిషి కన్నా జోరుగా పైకి ఎక్కుతది. మేం ఎండలు ముదరకముందే బాట మీద ఆకు ఊడ్చేస్తం, అప్పుడు బాటే మంటని ఆపే ఫైర్ లైన్ అయితది. కాలిన చోట బాట పని కూడా డబుల్, ఆకు కప్పు లేని మట్టి మీద మొదటి వాన పడితే అంతా బాట మీదికే.

అపోహ: అరటి తొక్క మట్టిలో కలిసిపోతది కదా

కలుస్తది, ఈలోపు కోతులు, ఎలుగుబంట్లు బాట దగ్గర తిండి దొరుకుతదని నేర్చుకుంటయి. అభయారణ్యంలో చెత్త వేయడం 27వ సెక్షన్ కిందనే నేరం. 2024 జూలై 1 నుంచి అమ్రాబాద్‌లో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ బంద్. సంచిలో పెట్టుకుని తీసుకుపోండి, అంతే.

అపోహ: ఒక ఆదివారం శ్రమదానం చేస్తే బాట రెడీ

డిసెంబర్‌లో చల్లగా ఉంటదని యాభై మంది టీ షర్టులు వేసుకుని వస్తరు, బ్యానరుతో ఫోటో దిగి పోతరు, వాళ్ళు పేర్చిన రాళ్ళు మేం మళ్ళీ పేర్చుకుంటం. మాకు మనుషులు కావాల్సింది జూన్‌లో, మొదటి వానలకి నీళ్ళు మళ్ళించిన చోట్లన్నీ మట్టితో పూడుతయి, అవి తోడకపోతే రెండో వానకి ఏడాది పని గల్లంతు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ ఎట్లాగూ బంద్, కొత్తగా కోసిన బాటకి కూడా ఆ మూడు నెలలు మట్టి సర్దుకోవడానికి కావాలె. జూన్‌లో వస్తమంటే నలుగురు చాలు, పారలు మా దగ్గరున్నయి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకుని రండి, రాళ్ళ కింద తేళ్ళుంటయి.