చమురు తగ్గే కాలానికి సీమ పల్లెలు ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని

పాత కడప జిల్లా మంగంపేటలో దొరికే ముగ్గురాయి, అదే బెరైటీస్, ఎక్కడికి పోతుందో మన దగ్గర చాలామందికి తెలియదు. ఒకేచోట అంత పెద్ద నిక్షేపం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, దాన్ని పొడి కొట్టి ఓడలకు ఎక్కిస్తే ఎక్కువ భాగం చేరేది చమురు బావులకే. బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాస్, చమురు ఒత్తిడికి ఒక్కసారిగా పైకి తన్నుకు రాకుండా బురదలాంటి ద్రవాన్ని రంధ్రంలోకి పంపుతారు, దానికి కావాల్సిన బరువు ఇచ్చేది నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువుండే ఈ పొడే. ఒత్తిడి ఎక్కువున్న లోతు పొరల్లోకి దిగేకొద్దీ ఇది ఇంకా ఎక్కువ కావాలి.

ఆ లోతులకు దిగాల్సిన అవసరం ఎందుకొచ్చింది అనేదే అసలు విషయం. చమురు రేపు ఉదయానికి అయిపోదు. మామిడి చెట్టుకు చేతికందే కాయలు ముందు కోసేసినట్టు, సులువుగా వచ్చే చమురు ముందు తీసేశారు, అంతే. 1956లో హబ్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త అమెరికాలో ఉత్పత్తి 1970 ప్రాంతంలో శిఖరానికి చేరి తర్వాత తగ్గుతుందని చెప్పాడు, మామూలు బావుల విషయంలో సరిగ్గా అలాగే జరిగింది. ఆ తర్వాత షేల్ అనే గట్టి పొరల రాయిని పగలగొట్టి అందులోని చమురు తీయడం నేర్చుకుని అమెరికా పాత రికార్డును దాటింది, నిజమే, కానీ ఒక్కో షేల్ బావి మొదటి రెండు మూడేళ్లలోనే చాలావరకు డీలా పడిపోతుంది, వెంటనే ఇంకోటి తవ్వాలి. అంటే చమురు తీయడానికే ఖర్చయ్యే చమురు, ఉక్కు, డబ్బు పెరుగుతూ పోతాయి. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. ఎక్కడో యుద్ధం మొదలైతే మన ఊరి ట్రాక్టర్ బాడుగ పెరిగేది అందుకే.

డీజిల్ మనకు ఎంత పని చేసిపెడుతోందో ఒకసారి లెక్క వేయండి. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది, ఇంజిన్ దాంట్లో మూడో వంతు కంటే తక్కువే పనిగా మారుస్తుందనుకున్నా మూడు యూనిట్లు. మనిషి రోజంతా ఒళ్లు వంచి పనిచేస్తే అర యూనిట్‌కు కాస్త అటూ ఇటూ. అంటే వంద రూపాయలకు అటూ ఇటూగా దొరికే ఒక్క లీటరులో ఐదారుగురి దినం పని ఉంది. ఎద్దులు పోయి ట్రాక్టర్ రావడం రైతు బద్ధకం వల్ల కాదు, ఈ లెక్క వల్లే. అదే ధర రెట్టింపై, ఒక్కోసారి బంకులో దొరక్కుండా కూడా పోతే, దుక్కి నుంచి మార్కెట్ దాకా అన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి.

మిగతా ప్రాంతాల సంగతి ఎలా ఉన్నా, సీమలో ఈ సమస్య తలుపు తట్టేది నీళ్ల రూపంలో. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే అనంతపురంలో మనం శక్తిని ఎక్కువగా ఖర్చు పెడుతున్నది నీళ్లు పైకి లాగడానికే. ఒక ఎకరాకు ఒక అంగుళం తడి అంటే లక్ష లీటర్లకు పైనే. దాన్ని వంద మీటర్ల లోతు నుంచి, అంటే 330 అడుగుల నుంచి పైకి తేవడానికి, మోటారు నష్టాలన్నీ కలుపుకుంటే దాదాపు 70 యూనిట్ల కరెంటు పడుతుంది. అవే నీళ్లు పది మీటర్ల లోతులో ఉంటే ఏడు యూనిట్లు చాలు. ఒకప్పుడు రెండు ఎద్దులతో కపిల, అంటే బావి నుంచి నీళ్లు తోడే మోట, తోలి పంట పండించగలిగారంటే నీళ్లు అంత పైన ఉండబట్టే. ఇప్పుడు 800 అడుగుల బోర్లకు ఎద్దులేం చేస్తాయి? ఆ బోరు వేసే లారీ కూడా తమిళనాడు తిరుచెంగోడు నుంచి డీజిల్ కాల్చుకుంటూ రావాల్సిందే.

అందుకే నేను గట్టిగా నమ్మేది ఏంటంటే, మన దగ్గర చమురు కొరతకు సిద్ధపడటం అంటే ముందు భూమిలో నీటి మట్టం పైకి తేవడం. పైకి వచ్చిన ప్రతి అడుగూ మిగిలిన కరెంటు, మిగిలిన డీజిల్. ఇది ఒక్క రైతు చేసుకోగల పని కాదు, నేను నీళ్లు పొదుపు చేస్తే పక్క చేను బోరు లాగేస్తుంది, భూమి లోపల గట్లు ఉండవు కదా.

ఊరంతా కలిస్తే చేయొచ్చని మన జిల్లాల్లోనే చూశాం. 2000 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో అనంతపురం, కడప, కర్నూలుతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. అక్కడ రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచి రాసుకున్నారు, రబీకి ముందు అందరూ కూర్చుని ఈసారి ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని లెక్క కట్టారు. జరిమానాలు లేవు, ఆంక్షలు లేవు. లెక్క కళ్లముందు కనిపించేసరికి చాలామంది వరి తగ్గించి తక్కువ నీళ్ల పంటలకు మారారు. ఇప్పుడైనా ఏ పంచాయతీ అయినా దీన్ని మొదలుపెట్టొచ్చు, వానమాపకం, టేపు, ఒక నోట్‌బుక్, చదువుకున్న పిల్లలు ఇద్దరు ఉంటే చాలు.

చెరువుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది, వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పనిచేసి ఆ కట్ట కట్టారని అందులో ఉంది. ఒక్క చుక్క డీజిల్ లేదు. ఈ రోజు జేసీబీ అందుబాటులో ఉంది, పూడిక తీయడం వారాల పని. డీజిల్ చేతికి అందుతున్నప్పుడే దాన్ని వాగుల మీద చెక్‌డ్యాంలకు, కాలువల మరమ్మతులకు, చెరువు పూడికకు ఖర్చు పెడితే వచ్చే తరం దాకా నీళ్లు నిలుస్తాయి. అదే డీజిల్‌తో ఇంకో వంద బోర్లు వేస్తే రెండు ఎండాకాలాలు కూడా ఆగవు.

సోలార్ ఉంది కదా అంటారు. ఉంది, కర్నూలు దగ్గర గని, శకునాలలో వెయ్యి మెగావాట్ల పార్కు 2017 నుంచే నడుస్తోంది, ఎండకు మనకు కొదవ లేదు. కానీ సోలార్ మోటారుకు నా భయం ఒకటుంది. ఒకసారి బిగించాక పైసా ఖర్చు లేకుండా పొద్దస్తమానం నీళ్లు లాగొచ్చు, ఊరి నీళ్ల లెక్క లేకుండా అది వస్తే భూమి ఇంకా తొందరగా ఎండిపోతుంది. నాలుగైదు కుటుంబాలు ఉన్న బోర్లను పైపులతో కలుపుకుని, కొత్త బోరు వేయబోమని ఒప్పుకుని, దానికి సోలార్ పెట్టుకుంటే అప్పుడు నాకు అభ్యంతరం లేదు.

ఎరువులదీ ఇదే కథ. యూరియా సహజ వాయువు నుంచి వస్తుంది, డీఏపీకి ఫాస్ఫేట్ రాయి బయటి దేశాల నుంచి రావాలి, పొటాష్ దాదాపు మొత్తం దిగుమతే. వేరుశనగ ఒక్కటే వేసే అలవాటు మానుకుని కంది, అలసంద, కొర్ర, సజ్జ కలిపితే మూటలు కొన్ని తగ్గుతాయి. కొర్రలు ఊళ్లోనే దంచే చిన్న మిల్లు ఉంటే గింజలు లారీలో పోయి బియ్యం లారీలో రావడం కూడా తగ్గుతుంది. విత్తనం ఇంట్లో దాచుకోవడం తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను ఇప్పుడే అడగాలి.

ఇక డబ్బు. రాయచోటి, కడప వైపు పల్లెల్లో ఎన్నో ఇళ్లు కువైట్ జీతాలతో లేచినవి, ఆ జీతం కూడా చమురు నుంచి వచ్చేదే. ప్రపంచం చమురు తగ్గించినా, చమురే తగ్గినా ఆ ఉద్యోగాలు ఇలాగే ఉంటాయని ఎవరూ రాసివ్వలేరు. ఇప్పుడు వస్తున్న డబ్బులో కొంత మూడో అంతస్తుకు కాకుండా చేని గట్లకు, ఫారంపాండ్‌కు, ఊరి మిల్లులో వాటాకు పెట్టమని అక్కడున్న అన్నదమ్ములకు, ఆడబిడ్డలకు ఫోన్ చేసినప్పుడు చెప్పండి. ఎండాకాలం వెళ్లేలోపు చెరువు పూడిక తీయడం మొదలైతే ఈ ఏటి వానకే నీళ్లు అందుతాయి.