లోను రాకముందే ఫీజు కట్టమంటున్నారా? – అపోహలు, వాస్తవాలు

అమలాపురం దగ్గర ఒక బ్యాంకు బ్రాంచిలో లోన్ల సీట్లో కూర్చుని తొమ్మిదేళ్లయింది. దాళ్వా నాట్ల రోజుల్లో ఎవరో ఒకరు ఫోన్‌లో వచ్చిన శాంక్షన్ లెటర్ ప్రింటు తీయించుకుని వస్తారు. "మీ బ్యాంకుదే కదండీ, డబ్బులెప్పుడు పడతాయండి?" అని అడుగుతారు. అప్పటికే ఫీజు కట్టేసి ఉంటారు.

అపోహ: ముందు ప్రాసెసింగ్ ఫీజు కడితేనే లోను వస్తుంది.

వాస్తవం: ఫీజు అనేది ఉంది, మేమూ తీసుకుంటాం. కానీ లోను సొమ్ములోంచి మినహాయిస్తాం, లేదా మీ ఖాతాలో డెబిట్ వేస్తాం. ఎంతన్నది లోను ఖర్చులన్నీ ఉండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ముందే రాసిస్తాం. ఇంటి లోన్లకి కొన్నిచోట్ల దరఖాస్తుకి కట్టే లాగిన్ ఫీజు ముందే అడుగుతారు, అది కూడా సంస్థ పేరు మీదే, రసీదుతో. 3 లక్షల లోపు పంట రుణాలకైతే 2019 నుంచి బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజే తీసుకోవడం లేదు. ఎవరో మనిషి పేరు చూపించే ఫోన్‌పే నంబరుకి పంపమన్నారంటే అక్కడ లోనే లేదు.

పోయిన ఏడాది ఒక కౌలు రైతు వచ్చాడు. మూడెకరాలు చేస్తున్నాడు. భూమి యజమాని సంతకం పెట్టలేదు కాబట్టి కౌలు రైతుకి ప్రభుత్వం ఇచ్చే సీసీఆర్‌సీ కార్డు రాలేదు, కార్డు లేదని మేం పంట రుణం ఇవ్వలేదు. (ఆ మాట చెప్పేటప్పుడు నాకూ మొహం చెల్లదు.) సరిగ్గా ఆ వారంలోనే "ముద్రా లోను 3 లక్షలు, కాగితాలు అక్కర్లేదు" అని ఫోనొచ్చింది. మొదట ఫైలు చార్జీ 2,450. తర్వాత ఇన్సూరెన్సు 8,000. తర్వాత జీఎస్టీ 6,300. ఆఖర్న "ఆర్‌బీఐ ఎన్‌ఓసీ" అని, అంటే రిజర్వు బ్యాంకు అనుమతి పత్రమట, 12,500. ఆ ఆఖరిది భార్య కమ్మలు తాకట్టు పెట్టి కట్టాడు. ఎందుకు కట్టావయ్యా అంటే, "ఆపేస్తే ముందు కట్టిందంతా పోద్దన్నారండి" అన్నాడు.

లెటరు చూశాను. పైన మూడు సింహాలు, పక్కన ప్రధాని ఫొటో, కింద మా బ్యాంకు సీలు, దాని మీదే రిజర్వు బ్యాంకు సీలు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడులో పదే అక్షరాలున్నాయి. పదకొండు ఉండాలి, అయిదోది సున్నా కావాలి. ముద్రా సంస్థ ఎవరికీ నేరుగా లోనివ్వదు, ఇచ్చేది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు. మీ లోను మీద రిజర్వు బ్యాంకు సంతకం పెట్టడమన్నది ఎక్కడా లేదు.

అపోహ: ఐడీ కార్డు పంపాడండి, నిజమైన ఆఫీసరే.

వాస్తవం: తొమ్మిదేళ్లలో నేను ఎవరికీ వాట్సాప్‌లో నా ఐడీ కార్డు పంపలేదు. అనుమానం వస్తే లెటరు మీదున్న నంబరుకి చేయకండి, బ్రాంచికి రండి.

అపోహ: ప్లే స్టోర్‌లో ఉన్న యాపే కదా.

వాస్తవం: ఉంటే ఏంటి? దాని వెనకున్న బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీయో (ఫైనాన్స్ కంపెనీ) పేరు రిజర్వు బ్యాంకు సైట్‌లో వెతకండి. లోన్ యాప్ మీ కాంటాక్టులు, గ్యాలరీ తీసుకోకూడదని రూలుంది. అడిగిందంటే తీసేయండి.

అపోహ: పోయిన డబ్బు గురించి ఎవరికి చెప్పినా పరువే పోతుంది.

వాస్తవం: సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, అదీ వెంటనే. అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే ఆపగలుగుతారు. మా రైతు ఊళ్లో తెలిస్తే నవ్వుతారని తొమ్మిది రోజులు దాచాడు. ఫిర్యాదు నేనే దగ్గరుండి పెట్టించాను, అప్పటికే ఆ ఖాతా ఖాళీ. చదువుకున్నవాళ్లూ ఇలాగే వచ్చి నా ముందు కూర్చుంటున్నారు. సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడు.

ఈ సార్వాకి అతన్ని మరో నలుగురు కౌలు రైతులతో, ఒకరికొకరు పూచీగా ఉండే జేఎల్‌జీ గ్రూపులో పెట్టి రుణం ఇచ్చాం. కాగితాల మీద సంతకాలయ్యాక జేబులోంచి ఫోన్ తీశాడు. "ఫీజు ఏ నంబరుకి కొట్టమంటారండీ?"