మన్‌స్టర్ జెర్సీ వెనక ఉన్న క్లబ్బులు

ఐర్లండ్‌లో మాజీ రగ్బీ ఆటగాళ్ల గురించి రాసేటప్పుడు మన్‌స్టర్‌కి ఇన్ని మ్యాచ్‌లు ఆడాడు, లెన్‌స్టర్‌కి ఇన్ని ఆడాడు అని లెక్క చెప్పి, అతని క్లబ్బు సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఇది నాకు అస్సలు నచ్చదు. 1995లో ఆటగాళ్లకు జీతాలు రాకముందు ఆడినవాళ్ల విషయంలో ఈ లెక్క పూర్తిగా తలకిందులు. వాళ్లు ముందు క్లబ్బు మనుషులు, ఆ తర్వాతే ప్రావిన్స్ ఆటగాళ్లు.

అక్కడ నాలుగు ప్రావిన్సులున్నాయి: మన్‌స్టర్, లెన్‌స్టర్, అల్‌స్టర్, కొనాక్ట్. ప్రావిన్స్ జట్టంటే మన రంజీ జట్టు లాంటిదే అనుకోండి, కాకపోతే ఆ రోజుల్లో మ్యాచ్‌లు మరీ తక్కువ. మిగతా మూడు ప్రావిన్సులతో ఒక్కోటి, న్యూజిలాండో ఆస్ట్రేలియానో టూర్‌కి వస్తే వాళ్లతో ఒకటి, ఇంచుమించు అంతే. మిగిలిన సీజనంతా క్లబ్బుకే ఆడేవాళ్లు. డబ్బులు లేవు, అందరికీ వేరే ఉద్యోగాలుండేవి.

1978 అక్టోబర్ 31, మంగళవారం. మన్‌స్టర్‌లోని లిమరిక్ నగరంలో, థోమండ్ పార్క్‌లో మన్‌స్టర్ 12-0తో న్యూజిలాండ్‌ని ఓడించింది. ఆ టూర్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ నాలుగు జట్లనూ ఓడించి వెళ్లిన న్యూజిలాండ్‌కి ఈ ఒక్కచోట పాయింటు కూడా దక్కలేదు. ఆ రోజు ఆడినవాళ్లను క్లబ్బుల వారీగా చూడండి. మొదట్లోనే న్యూజిలాండ్ ఆటగాడు స్టూ విల్సన్‌ని టాకిల్ చేసి పడేసిన షేమస్ డెనిసన్, రెండు డ్రాప్ గోల్స్ (ఆట నడుస్తుండగా బంతిని నేలకు తాకించి గోల్ స్తంభాల మధ్యకు తన్నేవి) కొట్టిన టోనీ వార్డ్ గ్యారీఓవెన్ వాళ్లు. బ్రెండన్ ఫోలీ, కోమ్ టక్కర్, జెర్రీ మెక్‌లాఫ్లిన్ షానన్ వాళ్లు. ట్రై చేసిన (బంతిని అవతలివాళ్ల గోల్ గీత దాటించి నేలకు ఆనించిన) క్రిస్టీ కాంటిలన్, కోచ్ టామ్ కీర్నన్ కార్క్ కాన్‌స్టిట్యూషన్ మనుషులు. డెనిసన్ స్కూల్ టీచరు, మాస్ కీన్ వ్యవసాయ శాఖలో ఉద్యోగి. వాళ్లను ఇవాళ మనం మన్‌స్టర్ హీరోలుగా గుర్తుపెట్టుకుంటున్నాం, పెట్టుకోవాలి కూడా, కానీ ఆ జట్టులో సగం మంది మామూలు వారాల్లో ఒకరి మీద ఒకరు పళ్లు కొరుక్కుంటూ ఆడినవాళ్లే. గ్యారీఓవెన్, షానన్ మ్యాచ్ అంటే లిమరిక్‌లో పేటకీ పేటకీ మధ్య పంతం. డబ్లిన్‌లో రగ్బీ ఎక్కువగా ఫీజులు కట్టే స్కూళ్ల ఆట, లిమరిక్‌లో మాత్రం కూలిపనులు చేసుకునే కుటుంబాల ఆట. ఈ తేడా తెలియకపోతే అక్కడి క్లబ్బు పిచ్చి అర్థం కాదు.

1990-91లో క్లబ్బుల మధ్య ఆల్ ఐర్లండ్ లీగ్ మొదలయ్యాక ఈ పిచ్చి దేశమంతటికీ తెలిసొచ్చింది. మొదటి తొమ్మిది టైటిళ్లూ మన్‌స్టర్ క్లబ్బులవే! అందులో 1995 నుంచి 1998 దాకా వరసగా నాలుగు షానన్ కొట్టుకుపోయింది. 1993లో డబ్లిన్ వెళ్లి అక్కడి సెయింట్ మేరీస్ క్లబ్బుని ఓడించి కప్పు తెచ్చిన లిమరిక్ క్లబ్బు యంగ్ మన్‌స్టర్ గురించి లిమరిక్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ జట్టులో జెర్ ఎర్ల్స్ అనే ఫ్లాంకర్ (స్క్రమ్‌లో పక్కన నిలబడే ఫార్వర్డ్) ఉన్నాడు. ఐర్లండ్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, అయినా లిమరిక్‌లో ఆయన పెద్ద పేరు. కొడుకు కీత్ ఎర్ల్స్ మన్‌స్టర్‌కి ఆడి, ఐర్లండ్ తరఫున 101 మ్యాచ్‌లతో 2023లో రిటైరయ్యాడు. తండ్రికి పేరు తెచ్చింది క్లబ్బు, కొడుక్కి తెచ్చింది ప్రావిన్సు, దేశం. మధ్యలో మారింది ఆట నడిచే తీరు.

ఆ మార్పు 1995 ఆగస్టులో వచ్చింది. ఆటగాళ్లకు జీతాలివ్వొచ్చని అంతర్జాతీయ రగ్బీ బోర్డు పారిస్‌లో తేల్చింది. ఇంగ్లండ్‌లో డబ్బున్నవాళ్లు క్లబ్బులనే ప్రొఫెషనల్ జట్లుగా మార్చేశారు, ఐర్లండ్ మంచి ఆటగాళ్లు వరస కట్టి అటు వెళ్లిపోయారు. గ్యారీఓవెన్ కుర్రాడు కీత్ వుడ్ హార్లెక్విన్స్‌కి వెళ్లాడు. ఐర్లండ్ క్లబ్బులకు జీతాలిచ్చే స్తోమత ఎక్కడిది? అందుకే ఐర్లండ్ రగ్బీ సంఘం ప్రావిన్సుల తరఫునే ఆటగాళ్లకు కాంట్రాక్టులిచ్చి వాళ్లను ఇంట్లో నిలుపుకుంది. ఆట బతకడానికి అది సరైన నిర్ణయమే, ఫలితాలూ కళ్లముందే ఉన్నాయి: 1999లో అల్‌స్టర్ యూరప్ కప్పు గెలిచింది, 2006లో, 2008లో మన్‌స్టర్ గెలిచింది. 2006 కెప్టెన్ ఆంటొనీ ఫోలీ, పైన చెప్పిన బ్రెండన్ కొడుకు, షానన్‌లో ఎదిగినవాడే. కానీ 2001లో ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్ జట్ల సెల్టిక్ లీగ్ కూడా వచ్చాక ప్రావిన్స్ ఆటగాళ్లకు క్లబ్బుకు ఆడే తీరికే లేకపోయింది. జనమూ ప్రావిన్స్ మ్యాచ్‌లకు మళ్లారు. ఈ పోగొట్టుకున్నదాని గురించి తగినంత మాట్లాడుకోవడం లేదన్నదే నా బాధ.

క్లబ్బు పేరు మాత్రం కాగితం మీద మిగిలింది. ఐర్లండ్ జట్టు ప్రకటించినప్పుడు ఇప్పటికీ పేరు పక్కన క్లబ్బు, ప్రావిన్స్ రెండూ వేస్తారు, టైగ్ ఫర్లాంగ్ పక్కన క్లాంటార్ఫ్, లెన్‌స్టర్ అని. స్కూలు నుంచి నేరుగా ప్రావిన్స్ శిక్షణ అకాడమీకి వెళ్లిన కుర్రాళ్లలో చాలామంది ఆ క్లబ్బుకు ఆడింది బహు తక్కువ.

కాంట్రాక్టు అయిపోయాక మాత్రం చాలామందికి మళ్లీ క్లబ్బే దిక్కు. మన్‌స్టర్ కెప్టెన్‌గా చేసిన మిక్ గాల్వీ ఆట మానేశాక షానన్‌కి కోచ్ అయ్యాడు. మన్‌స్టర్‌కి స్క్రమ్‌హాఫ్‌గా (స్క్రమ్ నుంచి బంతి అందుకుని పాస్ ఇచ్చేవాడిగా) ఆడిన మైక్ ప్రెండర్‌గాస్ట్ ఫ్రాన్స్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ ఆడొచ్చి, తన సొంత యంగ్ మన్‌స్టర్‌లోనే కోచింగ్ మొదలుపెట్టాడు. అక్కణ్నుంచి ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్, తర్వాత మరికొన్ని ఫ్రెంచి క్లబ్బులు తిరిగి, 2022లో ఎటాక్ కోచ్‌గా మన్‌స్టర్‌కి వచ్చాడు.