సర్పంచ్ గారంటే ఎవరు?

పంచాయతీ ఆఫీసు గోడ మీద పేర్ల పట్టిక ఉంటుంది. సర్పంచ్ అన్నచోట ఆమె పేరు, పక్కన ఫోన్ నంబరు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే చాలా ఊళ్లలో మగ గొంతు పలుకుతుంది: "ఆఁ, సర్పంచ్‌నే మాట్లాడుతున్నా, చెప్పండి." రాంగ్ నంబరేమోనని పెట్టేయకండి. ఆయన ఆమె భర్త. ఊళ్లో అందరూ "సర్పంచ్ గారూ" అని పిలిచేది ఆయన్నే. ఎన్నికల్లో గెలిచిన మనిషిని "సర్పంచ్ గారి భార్య" అని పరిచయం చేసే చోట్లూ ఉన్నాయి.

దీని మీద బోలెడు జోకులున్నాయి. అయితే ఇదంతా రిజర్వేషన్లు వచ్చాక మొదలైన వింత అనుకుంటే పొరపాటు. కుర్చీ అంటే మగవాడిది అన్న లెక్క చాలా పాతది. అందులోకి ఆడమనిషి వచ్చిన ప్రతిసారీ లెక్క మార్చుకోవడం మానేసి ఆమెనే మార్చి సర్దుకున్నారు. ఒకప్పుడు మగపేరు పెట్టారు, ఒకప్పుడు పెళ్లి చేసుకోవద్దన్నారు, మరొకప్పుడు అమ్మను చేశారు. ఇప్పుడు సంతకం చేసే చెయ్యిని మాత్రం ఉంచుకున్నారు.

మగపేరు సంగతి మన ఓరుగల్లుదే. కాకతీయ గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమను వారసురాలిగా నిలబెట్టాడు. ఆమె 1262 ప్రాంతం నుంచి 1289 దాకా పాలించింది. మనం రుద్రమదేవి అని గర్వంగా చెప్పుకుంటాం గానీ చాలా శాసనాల్లో ఆమె "రుద్రదేవ మహారాజు". దర్బారుకు మగవేషంలో వచ్చేదంటారు. ఆమె పాలించడం సామంతుల్లో కొందరికి నచ్చలేదు, తిరుగుబాట్లు వచ్చాయి, అణచివేసింది. మోటుపల్లి రేవు వైపు వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఆమె పాలనను మెచ్చుకుంటూ రాశాడు. అతను రాసింది మాత్రం రాణి గురించే, రాజు గురించి కాదు. బయటివాడి కళ్లకు ఆడమనిషిగా కనిపించినావిడ సొంత రాజ్యం రాతల్లో మగరాజు కావాల్సి వచ్చింది.

ఇక భాష. తెలుగు వ్యాకరణం మగవాళ్లను "మహత్తు" అంటుంది. అంటే గొప్పది. రాముడు వచ్చాడు. సీత వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. ఏకవచనంలో సీతకూ బస్సుకూ క్రియ ఒకటే. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి "వచ్చారు" అవుతారు. పక్కనే ఉన్న తమిళంలో ఆమెకు "వందాళ్" అని విడిగా ఒక రూపం ఉంది. మనకు లేదు. వివక్షంతా వ్యాకరణంలోంచే పుట్టిందని నేననను. కానీ "కొత్త కలెక్టర్ వచ్చింది" అంటే చెవికి కాస్త తేడాగా ఉంటుంది. వెంటనే "వచ్చారు" అని దిద్దుకుంటాం. ఎవరొచ్చారో తెలియనప్పుడైతే "కొత్త కలెక్టరెవరో వచ్చాడంట" అనేస్తాం. తెలియని అధికారి మన నోట్లో ఎప్పుడూ మగవాడే.

సామెతల దగ్గరకొస్తే, "ఆడపెత్తనం" అని మొదలయ్యేది ఒకటుంది. రెండో సగం ఒక కులాన్ని కూడా కించపరుస్తుంది కాబట్టి ఇక్కడ రాయను. పెద్ద, తనం కలిస్తే పెత్తనం. పేరుకు గౌరవమైన మాటే. మగవాడు నలుగురినీ కూర్చోబెట్టి తీర్పు చెబితే పెద్దరికం. అదే పని ఆమె చేస్తే పెత్తనం. ఆమెకు ఎంతో కొంత అధికారం దక్కిన ఒకే ఒక్క చోటు ఇల్లు, అదీ అత్త అయ్యాకే. ఆ అత్తను సినిమావాళ్లు గయ్యాళిని చేసి వదిలారు. సూర్యకాంతం ఎంత గొప్పగా నటించిందంటే, ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికి జనం జంకారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అధికారం చేసే ఆడమనిషికి మన ఊహలో ఉన్న ముఖం అదే. ఆఫీసులో గట్టిగా మాట్లాడిన మేడమ్‌ను ఇవాళ్టికీ వెనకాల ఆ పేరుతో పిలిచేవాళ్లున్నారు. గట్టిగా మాట్లాడే మగ ఆఫీసరైతే "స్ట్రిక్ట్".

ఇంగ్లీషువాళ్ల చట్టం వచ్చింది, కోర్టులు వచ్చాయి. పాత లెక్క అక్కడ కూడా చెల్లింది. 1916లో రెజీనా గుహ అనే లా పట్టభద్రురాలు ప్లీడరుగా నమోదు చేసుకోమని దరఖాస్తు పెట్టుకుంటే కలకత్తా హైకోర్టు కుదరదంది. చట్టంలో ఆడవాళ్లు పనికిరారని ఎక్కడా లేదు. అయినా ఆ చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్నది మగవాళ్లేనని కోర్టు తేల్చింది. దాన్ని సరిచెయ్యడానికి 1923లో వేరే చట్టమే తేవాల్సి వచ్చింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లకు, 1937లో, తిరువాన్కూరులో అన్నా చాందీ మున్సిఫు, అంటే కింది కోర్టు జడ్జి, అయ్యారు. సుప్రీంకోర్టు మెట్లు మొదటి మహిళా జడ్జి ఫాతిమా బీవీ ఎక్కింది 1989లో.

నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ ఆసక్తి కలిగించేది స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి దశ. ఎందుకంటే అప్పటికి రాజ్యాంగం వచ్చేసింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో లింగభేదం చూపకూడదని 16వ అధికరణం చెబుతోంది. ఇక అభ్యంతరాలు ఏ దారిన వస్తాయి? సర్వీసు రూల్స్ దారిన వచ్చాయి.

అన్నా రాజం జార్జ్ 1951 బ్యాచ్‌లో ఐఏఎస్‌కు ఎంపికయ్యారు, దేశంలో ఆ సర్వీసులో చేరిన మొదటి మహిళ. ఇంటర్వ్యూ బోర్డు ఆమెను ఆడవాళ్లకు నప్పే వేరే సర్వీసులకు వెళ్లమని నచ్చజెప్పింది. ఆమె వినలేదు, మద్రాసు కేడర్ తీసుకున్నారు. అప్పటి ముఖ్యమంత్రి రాజాజీ కూడా ఫీల్డులో పోస్టింగ్ ఇవ్వడానికి తటపటాయించి, సచివాలయంలో కూర్చోమన్నారు. ఆమె పట్టుబట్టి హోసూరుకు సబ్‌కలెక్టరుగా వెళ్లారు. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుందని నియామక పత్రంలోనే ఉంది. ఇది ఎవరో ఒక ఆఫీసరు చాదస్తం కాదు. 1954 నాటి ఐఏఎస్ రిక్రూట్‌మెంట్ రూల్స్‌లో 5(3) కింద స్పష్టంగా రాసి పెట్టారు: పెళ్లయిన స్త్రీకి సర్వీసులో నియామకం హక్కు కాదు, చేరాక పెళ్లి చేసుకుంటే సర్వీసు సామర్థ్యం కోసం ప్రభుత్వం రాజీనామా చెయ్యమనవచ్చు. ఆ రూలు 1972 దాకా పుస్తకాల్లోనే ఉంది.

హోసూరు రోజుల గురించి ఆమె తర్వాత చెప్పుకున్న సంగతి ఒకటుంది. ఊరికి ఆడ సబ్‌కలెక్టరు వస్తోందంటే ఆడవాళ్లంతా చూడటానికి వచ్చారు. ఒక ముసలావిడ ఆమె చుట్టూ తిరిగి చూసి, "మనలాగానే ఉందే" అందట. నిరాశో సంతోషమో తెలియదు గానీ, ఆఫీసరంటే మనలాంటి మనిషి కాకూడదని ఆ ముసలావిడకు ఎవరూ నేర్పకుండానే తెలుసు.

విదేశాంగ సర్వీసులో సి.బి. ముత్తమ్మ కథ ఇంకా ముదిరింది. కొడగు ప్రాంతం నుంచి వెళ్లి, ఆ సర్వీసులో చేరిన మొదటి మహిళ ఆమె. అక్కడి రూల్స్ ప్రకారం పెళ్లికి ముందు ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్లయ్యాక ఇంటి బాధ్యతలు అడ్డొస్తున్నాయని అనిపిస్తే రాజీనామా చెయ్యమంటారు. పెళ్లి చేసుకున్న మగ ఆఫీసర్లకు ఇలాంటి రూలేదీ లేదు. పదోన్నతి నిరాకరించేసరికి ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. విచారణ నడుస్తుండగానే పదోన్నతి వచ్చేసింది, రూల్స్‌లో ఒకటి రద్దయింది, రెండోదీ రద్దు చేస్తామన్నారు. అందుకని 1979లో కోర్టు కేసు మూసేసింది. కానీ జస్టిస్ కృష్ణయ్యర్ ఊరికే మూసెయ్యలేదు. ఇంటి బాధ్యతలు ఆడవాళ్ల పనికి అడ్డొస్తే మగవాళ్ల పనికి మాత్రం ఎందుకు రావని అడిగారు. అదే తీర్పులో, అన్ని పనుల్లోనూ ఆడా మగా సమానమని తాము సూత్రీకరించడం లేదని కూడా ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. అప్పటి మంచి మనసులకు కూడా ఒక హద్దు ఉండేదని తెలియడానికి అది పనికొస్తుంది.

రాజకీయాల్లో రూల్స్ అక్కర్లేదు, మాటలు చాలు. 1966లో ఇందిరాగాంధీ ప్రధాని అయినప్పుడు సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా ఆమెను "గూంగీ గుడియా" అన్నారు, మూగబొమ్మ అని. కొన్నేళ్లు గడిచాయి, ఆ బొమ్మ పెద్ద నాయకులందరినీ పక్కకు నెట్టింది. అప్పుడు ఇంకో మాట పుట్టింది: "ఆ మంత్రివర్గంలో ఆవిడొక్కతే మగాడు." మెచ్చుకోలుగానే అన్నారు. ఓరుగల్లు నుంచి ఢిల్లీకి ఏడు వందల ఏళ్లు పట్టింది, పద్ధతి మారలేదు. గట్టిగా పాలిస్తే మగవాడని రాసుకోవడమే.

రెండో దారి చుట్టరికం. జయలలిత అమ్మ, మాయావతి బెహన్‌జీ, మమతా బెనర్జీ దీదీ. మన దగ్గర 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హోంశాఖ తీసుకున్న సబితా ఇంద్రారెడ్డి "చేవెళ్ల చెల్లెమ్మ". మగ నాయకులకూ అన్న అనే పిలుపు ఉంది, కాదనను. కాకపోతే వాళ్లకు అది అదనపు అలంకారం. ఆడవాళ్లకు అది గేటు పాసు. అమ్మగానో అక్కగానో ఒక వరస కలిస్తే గానీ ఆమె మాట వినడానికి మగవాళ్లకు మనసొప్పదు. వరస లేకుండా వస్తే ఆమె ఏమవుతుందో పైన సూర్యకాంతం దగ్గర చెప్పాను. ఇంతాచేసి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటిదాకా ఒక్క మహిళా ముఖ్యమంత్రి లేరు.

ఇప్పుడు ఊళ్లోకి వద్దాం. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ పంచాయతీల్లో మహిళలను తీసుకొమ్మంది. ఎలాగంటే, ఎన్నికతో పనిలేకుండా ఇద్దరిని సభ్యులుగా చేర్చుకోవాలి, వాళ్లు ఆడవాళ్ల, పిల్లల పనుల్లో ఆసక్తి ఉన్నవాళ్లయి ఉండాలి. రోడ్లు, చెరువులు, పన్నులు వాళ్లకెందుకన్నమాట. మార్పు వచ్చింది 73వ రాజ్యాంగ సవరణతో. 1993 ఏప్రిల్ 24 నుంచి పంచాయతీల్లో సభ్యులు, అధ్యక్షుల పదవుల్లో మూడో వంతు మహిళలకు దక్కాయి. తర్వాత చాలా రాష్ట్రాలు దాన్ని సగం చేశాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ సగమే.

ఆ సవరణతో లక్షల మంది ఆడవాళ్లు కుర్చీలోకి వచ్చారు. వాళ్లలో ఎక్కువమందిని ఎలా తెచ్చారో ఊళ్లో అందరికీ తెలుసు. ఈసారి సర్పంచ్‌గా నిలబడాలని మూడేళ్ల నుంచి పెళ్లిళ్లకూ చావులకూ తిరిగిన మనిషికి సీటు లేడీస్‌కు పోయిందని తెలుస్తుంది. ఆ రాత్రే నిర్ణయం అయిపోతుంది: "మీ ఆవిడను నిలబెట్టు." ఖర్చు ఆయనది, తిరిగేది ఆయన, ఫ్లెక్సీలో పెద్ద ఫొటో ఆయనది. గెలిచాక పంచాయతీ కార్యదర్శి తీర్మానాల పుస్తకం పట్టుకుని ఇంటికొస్తాడు. ఆమె వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, వేలు పెట్టి చూపించినచోట సంతకం చేసి లోపలికి వెళ్తుంది. భర్తది ఒక్కడిదే తప్పు అనడం అన్యాయం. ఆఫీసర్లకూ ఆయనతో మాట్లాడటమే సులువు. మీటింగులో ఆయన ఆమె పక్క కుర్చీలో కూర్చుంటే లేవమని చెప్పే ఎంపీడీవోలు ఎంతమంది?

దీనికి దేశమంతా వాడే పేరు "సర్పంచ్ పతి". 2007లో ప్రతిభా పాటిల్ వచ్చినప్పుడు ఆడమనిషిని రాష్ట్రపతి అనొచ్చా అని చర్చ జరిగింది. అక్కడ పతి అంటే అధిపతి అని పండితులు సర్దిచెప్పారు. సర్పంచ్ పతిలో పతి అంటే మొగుడే, కానీ పని మాత్రం అధిపతి పనే. 2015 పంచాయతీరాజ్ దినోత్సవం నాడు ప్రధాని మోదీ ఈ సంస్కృతి పోవాలన్నారు. 2023లో విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, అది ప్రభుత్వం చూసుకోవాల్సిందని చెప్పింది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ కమిటీ వేసింది.

అభ్యంతరం మాటలు ఎలా మారుతూ వచ్చాయో చూడండి. మొదట "చట్టంలో లేదు" అన్నారు. తర్వాత "ఇల్లు ఏమవుతుంది" అన్నారు. ఇప్పుడు వినిపించేది "మాకేం అభ్యంతరం లేదు, కింద ఉన్నవాళ్లే వినరు" అని. ఇది నేను అల్లింది కాదు. సైన్యంలో మహిళా ఆఫీసర్లకు పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా ఉండే ఉద్యోగం), కమాండ్ పోస్టుల గురించి సుప్రీంకోర్టులో కేసు నడిచినప్పుడు కేంద్రం రాతపూర్వకంగా ఇదే చెప్పింది: సైనికులు ఎక్కువగా పల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఆడ ఆఫీసర్ల కమాండ్‌ను ఒప్పుకోవడానికి మానసికంగా ఇంకా సిద్ధంగా లేరు. 2020 ఫిబ్రవరి 17న కోర్టు ఆ వాదనను కొట్టేసింది.

మరి కిందవాళ్లు నిజంగానే వినరా? దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. ఎస్తర్ డఫ్లో, ఆమె తోటి ఆర్థికవేత్తలు పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో ఊరివాళ్లకు ఒక టేపు వినిపించారు, ఊరి పెద్ద మాట్లాడే ప్రసంగం. ప్రసంగం అక్షరం మారలేదు. కొందరికి మగ గొంతులో, కొందరికి ఆడ గొంతులో. ఎప్పుడూ మహిళా ప్రధాన్‌ను (అక్కడ సర్పంచ్‌ను అలా అంటారు) చూడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. రిజర్వేషన్ వల్ల ఒకసారైనా మహిళ పాలన చూసిన ఊళ్లలో ఆ తేడా పోయింది. అక్కడి మగవాళ్లకు ఆడ నాయకులంటే ఇష్టం పెరిగిందా అంటే, అదీ లేదు. ఇష్టం లేకుండానే "పని చేయగలదు" అని ఒప్పుకున్నారు. నాకైతే ఈ ముక్కే బాగా నచ్చింది. వరుసగా రెండుసార్లు రిజర్వ్ అయిన చోట్ల, తర్వాత రిజర్వేషన్ లేని సీట్లలో కూడా మహిళలు పోటీచేసి గెలవడం పెరిగింది. 495 ఊళ్లలో జరిగిన మరో పరిశీలనలో, రెండుసార్లు రిజర్వ్ అయిన చోట్ల కొడుకు, కూతుళ్ల భవిష్యత్తు గురించి తల్లిదండ్రుల ఆశల్లో ఉండే తేడా 25 శాతం తగ్గింది. పిల్లల సొంత ఆశల్లో ఉండే తేడా 32 శాతం తగ్గింది.

కాబట్టి కిటుకు రెండోసారిలో ఉంది. లోక్‌సభ, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లిచ్చే చట్టం 1996లో బిల్లుగా మొదలై 2023లో పాసయింది. అది కూడా జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలవ్వాలన్న షరతుతో. ఊళ్లో సంగతి అంత దూరం ఆగదు. రిజర్వేషన్ రొటేషన్‌లో మారుతుంది. లేడీస్ సీటు జనరల్ అయిందని తెలిసిన రాత్రి ఆ ఇంట్లో మళ్లీ నిర్ణయం జరుగుతుంది. ఐదేళ్లు సంతకాలు పెట్టినావిడను ఈసారి నువ్వే నిలబడతావా అని అడిగే ఇళ్లూ ఉన్నాయి, తక్కువే గానీ ఉన్నాయి. మిగతాచోట్ల కొత్త ఫ్లెక్సీ కడతారు. ఆయన ఫొటో ఎప్పటిలాగే పెద్దదిగా ఉంటుంది. ఆమె ఫొటో ఉండదు.