గని లేని ఉక్కు: బైలదిల్లా కొండ నుంచి విశాఖ కొలిమి దాకా

విశాఖ ఉక్కు గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి తేలేది ఒక్కచోటే: సొంత ఇనుప గనులు లేవు. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ ఆర్థిక వ్యవహారాల కమిటీ నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు కూర్మన్నపాలెంలోని కార్మికుల దీక్షా శిబిరంలో వినపడిందీ ఇదే. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాక కార్మిక సంఘాలు మళ్లీ అడిగిందీ ఇదే. ఆంధ్రకు ఢిల్లీ చేసిన అన్యాయం అంటూ ఈ ముచ్చటను తేల్చేయడం సులువు. అన్యాయం లేదని నేను అనను. కానీ ఈ చిక్కుముడి ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరగక ముందే పడింది. దాని మొదలు వెతకాలంటే బస్తర్ వెళ్లాలి.

ఆ బస్తర్ ప్రాంతంలో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో, బైలదిల్లా కొండల వరుస ఉంది. అక్కడి ఖనిజంలో ఇనుము 65 శాతం దాకా ఉంటుంది. ప్రపంచంలోనే మేలురకం నిక్షేపాల్లో అదొకటి. 1950ల చివర్లో ఆ కొండ మీద ఆశ పెట్టుకున్నది మన ఉక్కు ఫ్యాక్టరీలు కాదు, జపాన్ ఫ్యాక్టరీలు. యుద్ధం తర్వాత జపాన్‌కు కొలిమిలున్నాయి, ఖనిజం లేదు. మనకు ఖనిజం ఉంది, విదేశీ మారకద్రవ్యం లేదు. 1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ, అదే ఎన్‌ఎండీసీ, తొలినాళ్లలో తలకెత్తుకున్న పెద్ద పని ఈ ఎగుమతే. 1960లో కుదిరిన ఒప్పందం ప్రకారం బైలదిల్లా నుంచి ఏడాదికి 40 లక్షల టన్నులు, బిహార్-ఒడిశా సరిహద్దులోని కిరిబురు నుంచి 20 లక్షల టన్నులు జపాన్‌కు పోవాలి. రెండింటికీ రేవు విశాఖపట్నమే.

ఈ తీరానికి ఇదేం కొత్త కాదు. దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల ఆరంభంలో మొదలైంది విజయనగరం దగ్గరి కోడూరులోనే. ఆ రాయి కూడా ఓడలెక్కి పరాయి దేశాల ఉక్కు ఫ్యాక్టరీలకే పోయింది.

బైలదిల్లా సరుకును సముద్రం దాకా తేవడానికి వేసిందే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం. సుమారు 445 కిలోమీటర్లు, 58 సొరంగాలు. శిమిలిగూడ దగ్గర పట్టాలు సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు వెళ్తాయి. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే ఎత్తయినది. తూర్పు కనుమల్లో ఇంత తిప్పలు పడి లైను వేసింది ప్రయాణికుల కోసం కాదు. అరకు చూడ్డానికి అద్దాల పెట్టెలో కూర్చుని ఇవాళ మనం ఫొటోలు తీసుకునే సొరంగాలు జపాన్ కొలిమిల కోసం తొలిచినవి. ఎదురొచ్చే గూడ్సు బళ్ల మీద, పట్టాల పక్క కంకర మీద ఆ ఎర్రటి దుమ్ము ఇప్పటికీ కనిపిస్తుంది. 1968లో బైలదిల్లా 14వ నిక్షేపం నుంచి ఖనిజం రావడం మొదలైంది. పెద్ద ఓడలు ఆగడానికి 1976లో విశాఖ ఔటర్ హార్బర్ సిద్ధమైంది.

సరిగ్గా ఈ పట్టాలు వేస్తున్న రోజుల్లోనే ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ పుట్టింది. ఐదో ఉక్కు ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో చూడమని కేంద్రం నియమించిన ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం 1965లో విశాఖకే ఓటేసింది. రేవుంది, రైలు వస్తోంది, దాని మీద ఖనిజం రాబోతోంది. ఆ ఖనిజంలో కొంత ఇక్కడే దింపుకొంటే సరిపోతుందన్నది లెక్క. కేంద్రం నిధుల్లేవంటూ వెనక్కి తగ్గడంతో 1966 అక్టోబరులో టి.అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకు దిగారు. నవంబరు 1న కాల్పులు జరిగాయి. ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలు కోల్పోయారు. నినాదాలు, రాజీనామాలు, రాయబారాలు అన్నీ ఫ్యాక్టరీ చుట్టూనే తిరిగాయి. గని ఎవరిదని ఆ రోజుల్లో గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. అడగాల్సిన అవసరం ఉందని కూడా ఎవరికీ తోచలేదు. గనీ సర్కారుదే, రైలూ సర్కారుదే, రాబోయే ఫ్యాక్టరీ కూడా సర్కారుదే. ఉమ్మడి కుటుంబంలో ఏ పొలం ఎవరి పేరున ఉందో ఎవరు చూస్తారు?

జపాన్ ఒప్పందంలోని రెండో కొండ కిరిబురుకు ఏమైందో చూస్తే అసలు తేడా తెలుస్తుంది. దాన్నీ ఎగుమతి కోసం తెరిచింది ఎన్‌ఎండీసీయే. బొకారో ఫ్యాక్టరీ వచ్చాక ఆ గనిని దానికి అప్పగించారు. కిరిబురు ఇప్పుడు బొకారోను నడిపే ప్రభుత్వ సంస్థ సెయిల్ సొంత గని. భిలాయి ఉక్కు ఫ్యాక్టరీకి దల్లీ-రాజ్‌హరా గని ఎలాగో, బొకారోకు కిరిబురు అలాగ. బైలదిల్లా మాత్రం ఎన్‌ఎండీసీ చేతిలోనే ఉండిపోయింది. అది సంస్థకు ఆయువుపట్టు, దేశానికి డాలర్ల చెట్టు. పైగా, అప్పగించడానికి విశాఖలో అప్పటికి ఫ్యాక్టరీయే లేదు.

అది రావడానికి పట్టిన కాలం చూడండి. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో తమిళనాడులోని సేలం, కర్ణాటకలోని విజయనగర్‌తో పాటు విశాఖ పేరు ప్రకటించారు. 1971 జనవరిలో శంకుస్థాపన. అరవైకి పైగా గ్రామాల వాళ్లు భూములిచ్చారు. నిర్వాసితుల కుటుంబాలకు ‘ఆర్ కార్డులు’ ఇచ్చారు. వాటితో ఉద్యోగం కోసం తిరుగుతున్న వాళ్లు గాజువాక వైపు ఇప్పటికీ ఉన్నారు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1979లో గానీ కుదరలేదు. ఫ్యాక్టరీని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్, అదే ఆర్‌ఐఎన్‌ఎల్, ఏర్పడింది 1982లో. నిధులు చుక్కలు చుక్కలుగా విదిలించారు, డిజైన్ కుదించి 30 లక్షల టన్నులకు తెచ్చారు. చివరికి 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు.

ఆ తేదీకి ఏడు నెలల ముందు, 1992 జనవరిలో, కేంద్రం ఉక్కు ధరల మీద నియంత్రణ ఎత్తేసింది. అప్పటిదాకా ఉక్కు ఏ ధరకు అమ్మాలో జాయింట్ ప్లాంట్ కమిటీ చెప్పేది. ఆ కాలపు అంచనాలతో, అప్పులతో కట్టిన ఫ్యాక్టరీ, కట్టడం పూర్తయ్యే వేళకు మార్కెట్లో నిలబడాల్సి వచ్చింది. తొలి ఏళ్ల నష్టాల్లో ఎక్కువ భాగం వడ్డీలే. అయినా 2000 తర్వాత ఉక్కు గిరాకీ పెరిగేసరికి సంస్థ కోలుకుంది, 2010లో నవరత్న హోదా తెచ్చుకుంది. ఎన్‌ఎండీసీ దగ్గర కొనుక్కున్న ఖనిజంతోనే లాభాలు చూపించింది కాబట్టి, గని లేకపోతే బతకలేదన్న మాట పూర్తిగా నిజం కాదు.

కానీ అదే 2010లో ఇనుప ఖనిజానికి ఏడాదికోసారి ధర కుదుర్చుకునే పాత పద్ధతి ప్రపంచమంతటా కూలిపోయింది. చైనా గిరాకీతో ధర మూడు నెలలకోసారి, ఆపైన రోజువారీ సూచీలతో కదలడం మొదలుపెట్టింది. దేశంలో అమ్మే ఖనిజం ధరా దాని వెంటే నడిచింది. విశాఖలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. టన్ను ద్రవ ఇనుము తీయాలంటే ఫర్నేసులో టన్నున్నరకు పైగా ఖనిజం పోయాలి. సొంత గని ఉన్న సంస్థకు అది తవ్వకం ఖర్చు, రాయల్టీతో వస్తుంది. విశాఖకు మార్కెట్ ధర, దాని మీద కనుమలు దాటి వచ్చే రైలు కిరాయి. ఫర్నేసులకు కావాల్సిన కోకింగ్ బొగ్గేమో చాలావరకు ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి రావాలి. ఇదే సమయంలో సంస్థ భారీగా అప్పు చేసి సామర్థ్యాన్ని 73 లక్షల టన్నులకు పెంచుకుంది. 2015 నాటికి ఉక్కు ధర పడిపోయింది; వడ్డీ ఆగలేదు. 2024లో కొన్నాళ్లు మూడు ఫర్నేసుల్లో ఒక్కటే వెలిగింది.

విచిత్రమేమంటే మిగతా సరంజామాకు సంస్థకు గనులున్నాయి. సున్నపురాయి జగ్గయ్యపేటలో, డోలమైట్ ఖమ్మం వైపు మాధారంలో, మాంగనీసు గర్భాంలో. లేనిదల్లా ఇనుమే. ప్రయత్నాలు జరగలేదని కాదు. 2011లో ఈస్టర్న్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే కంపెనీని చేజిక్కించుకుని, దాని ద్వారా ఒడిశా మినరల్స్ డెవలప్‌మెంట్ కంపెనీ గనుల మీద పట్టు సంపాదించింది. లీజుల గొడవల్లో, అనుమతుల చిక్కుల్లో ఆ గనులు ఏళ్ల తరబడి మూతపడే ఉన్నాయి. 2013లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం బయ్యారం ఖనిజాన్ని కేటాయిస్తే ‘బయ్యారం ఉక్కు - తెలంగాణ హక్కు’ అని అక్కడ ఉద్యమం లేచింది. అక్కడి రాయి నాణ్యత ఎలాగూ అంతంతమాత్రమే. 2015లో గనుల చట్టం సవరించి వేలాన్నే ప్రధాన మార్గం చేశారు. ప్రభుత్వ సంస్థలకు కేటాయించే దారి చట్టంలో మిగిలినా, ఏ రాష్ట్రం తన కొండను మరో రాష్ట్రపు ఫ్యాక్టరీకి ఊరికే రాసిస్తుంది?

బస్తర్ వైపు నుంచి చూస్తే ఈ ప్రశ్న మరీ ఇబ్బందిగా ఉంటుంది. గని ఎర్రమట్టితో శంఖిని నది రంగు మారిన దశాబ్దాల్లో అక్కడి ఆదివాసులకు దక్కిందేమిటో ఉక్కు ఉద్యమ సభల్లో పెద్దగా వినం. 2019 జూన్‌లో 13వ నిక్షేపం తవ్వొద్దంటూ వేలమంది కిరండూల్‌లో బైఠాయించారు. ఆ కొండ వాళ్లకు దేవుడు. అటు ఎన్‌ఎండీసీ కూడా జగదల్‌పూర్ దగ్గర నగర్నార్‌లో 30 లక్షల టన్నుల ఉక్కు ఫ్యాక్టరీ కట్టుకుంది. 2023 నుంచి అదీ ఆ ఖనిజమే వాడుతోంది.

బైలదిల్లాకు మరో దారి కూడా ఉంది. పొడి చేసిన ఖనిజాన్ని నీళ్లలో కలిపి కిరండూల్ నుంచి విశాఖకు తెచ్చే 267 కిలోమీటర్ల గొట్టం అది. ఎస్సార్ కంపెనీ వేసిన ఈ గొట్టాన్ని మావోయిస్టులు పలుమార్లు పేల్చారు. ఇప్పుడది ఆర్సెలార్‌మిట్టల్-నిప్పాన్ స్టీల్ చేతిలో ఉంది. ఆ కంపెనీయే అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర కొత్త ఉక్కు ఫ్యాక్టరీ తలపెట్టింది. దానికి ఎన్‌ఎండీసీ ఖనిజం ఇప్పించమని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని అడిగింది.